పోషకాహార పథకానికి మొదటి ఖర్చు: బిడ్డల లెక్క

హౌరా నుంచి సుమారు 115 కిలోమీటర్ల దూరంలో ఖరగ్‌పూర్ రైల్వే పట్టణం ఉన్నది. అక్కడి నుంచి టాటానగర్ వైపు సాగే రైలు మార్గం మీద నిమ్‌పురా వాడ కనిపిస్తుంది. విశాలమైన గూడ్సు యార్డు, వరుసలు తీరిన రైల్వే క్వార్టర్లు, వాటి ప్రక్కన కాలక్రమంలో వెలసిన బస్తీలు, వీధులలో బెంగాలీ, హిందీలతో పాటు వినవచ్చే తెలుగు మాట - ఇదీ నిమ్‌పురా స్వరూపం. యార్డులోకి వచ్చే ప్రతి వ్యాగనుకూ ఒక సంఖ్య ఉంటుంది. అది ఎక్కడి నుంచి వచ్చినదీ, ఎక్కడికి పోవలసినదీ నమోదవుతుంది. ప్రక్క బస్తీలో పెరిగే బిడ్డకు కూడా అటువంటి నమోదు అవసరమే. ఏ జాబితాలోనూ పేరు లేని బిడ్డకు ఏ పథకం క్రిందా ఆహారం అందదు. జాతీయ ఆరోగ్య వ్యవస్థలో పోషకాహార కార్యక్రమాలకు ప్రణాళిక వేయడం, వాటి వ్యయాన్ని అంచనా కట్టడం ఈ చిన్న విషయం దగ్గరే మొదలవుతాయి.

తెలుగువారి రైల్వే వాడ

బెంగాల్ నాగపూర్ రైల్వే సంస్థ 19వ శతాబ్ది చివరి సంవత్సరాలలో ఖరగ్‌పూర్‌ను కూడలిగా ఎంచుకొన్నది. తరువాత అక్కడ పెద్ద వర్క్‌షాపు నెలకొన్నది. విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి కార్మికులు పెద్ద సంఖ్యలో తరలివెళ్లి అక్కడ స్థిరపడినారు. తరువాత రాష్ట్రపతి పదవిని అలంకరించిన వి.వి.గిరి 1920ల చివరలో ఈ రైల్వే కార్మికుల ఉద్యమానికి నాయకత్వం వహించిన విషయం విదితమే. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడినప్పుడు ఖరగ్‌పూర్ అందులో ముఖ్య కేంద్రమయింది. తరాలు గడచినా ఇక్కడి తెలుగు కుటుంబాలు ఇంట మాతృభాషను నిలుపుకొన్నాయి. పశ్చిమ బెంగాల్‌లో తెలుగుకు అధికార భాషల వరుసలో చోటు కల్పించాలని ఆ రాష్ట్ర మంత్రివర్గం 2020 డిసెంబరులో నిర్ణయించింది.

ఖరగ్‌పూర్‌లో పురపాలక సంఘ ప్రాంతం ఒకటి, రైల్వే నివాస ప్రాంతం మరొకటి. జనాభా లెక్కలలో కూడా ఈ రెండింటినీ వేర్వేరుగా చూపడం జరిగింది. రైల్వే ఉద్యోగి కుటుంబానికి రైల్వే ఆసుపత్రి, వైద్య సౌకర్యాలు ఉన్నాయి. అదే వీధిలో కూలి పనికి, ఇళ్లలో పనికి, చిల్లర వ్యాపారానికి పోయే కుటుంబాలకు ఆ హక్కు లేదు. వారు రాష్ట్ర ఆరోగ్య శాఖ మీద, అంగన్‌వాడీ మీద ఆధారపడవలసినవారు. తాత రైల్వేలో పనిచేసి ఉండవచ్చు. మనుమడు కాంట్రాక్టు కూలి కావచ్చు. అటువంటి ఇంటిలో పుట్టిన బిడ్డ రైల్వే వారి లెక్కలో ఉండదు. రైల్వే భూమి మీద ఉన్న బస్తీ గనుక ఇతర శాఖల లెక్కలోనూ జారిపోయే ప్రమాదం ఉన్నది. దేశంలోని రైల్వే పట్టణాలు, గని పట్టణాలు, రేవు పట్టణాలు అన్నింటా ప్రణాళికాకర్తకు ఎదురయ్యే సమస్య ఇదే.

ఏమి పెట్టాలి? శాస్త్రం చెప్పిన సమాధానం

వ్యయం లెక్కించడానికి ముందు ఏమి పెట్టాలో తెలియాలి. ఈ విషయంలో దేశానికి దారి చూపిన ముఖ్య సంస్థ హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి పరిశోధనా విభాగంగా రాబర్ట్ మెక్‌కారిసన్ ఆధ్వర్యాన ప్రారంభమైన ఈ సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో ఇప్పటి పేరును పొందింది. ఒకప్పుడు పిల్లల బలహీనతకు మాంసకృత్తుల కొరతే ముఖ్య కారణమని ప్రపంచమంతటా భావించేవారు. అందువలన ఖరీదైన మాంసకృత్తుల పొడులు తయారుచేయాలనే ఆలోచన బలంగా ఉండేది. డాక్టర్ సి.గోపాలన్, ఆయన సహచరులు ఈ అభిప్రాయాన్ని పరీక్షించారు. పోషకాహార లోపమున్న పిల్లలకు రోజుకు 310 కేలరీలు, కేవలం 3 గ్రాముల మాంసకృత్తులు గల అదనపు ఆహారాన్ని 14 నెలలపాటు ఇచ్చి చూడగా వారి ఎత్తు, బరువు మెరుగుపడినాయి. ఈ ఫలితాలు 1973లో వెలువడినాయి. పేద ఇంటి బిడ్డకు ముందుగా కావలసినది చాలినంత తిండి అనీ, ఇంట తినే ధాన్యం, పప్పులే తగిన పరిమాణంలో లభిస్తే మాంసకృత్తుల అవసరం కూడా చాలా మేరకు తీరుతుందనీ దీనివలన స్పష్టమయింది.

ఈ నిర్ణయానికి వ్యయపరంగా గొప్ప ప్రాముఖ్యం ఉన్నది. దిగుమతి పొడికి బదులు స్థానిక ధాన్యంతో పథకం నడపవచ్చునని తేలింది. ‘హైదరాబాద్ మిశ్రమం’ ఇందుకు మంచి ఉదాహరణ. వేయించిన గోధుమలు 40 గ్రాములు, వేయించిన శనగపప్పు 16 గ్రాములు, వేరుశనగ పప్పు 10 గ్రాములు, బెల్లం 20 గ్రాములు కలిపితే మొత్తం 86 గ్రాములు. దానిలో సుమారు 330 కేలరీల శక్తి, 11 గ్రాములకు పైగా మాంసకృత్తులు లభిస్తాయి. ఇవన్నీ ఏ సంతలోనైనా దొరికే సరుకులే.

చిన్న బిడ్డ విషయంలో మరొక సంగతి గమనార్హం. బిడ్డ పొట్ట చిన్నది; పలుచని గంజి త్రాగితే పొట్ట నిండుతుంది గాని శక్తి చాలదు. ఒక గ్రాము పిండిపదార్థం 4 కేలరీలు ఇస్తే ఒక గ్రాము నూనె 9 కేలరీలు ఇస్తుంది. పప్పు బియ్యం కలిపి వండిన కిచిడీలో 5 గ్రాముల నూనె చేర్చితే 45 కేలరీలు అదనంగా చేరతాయి, ముద్ద పరిమాణం మాత్రం పెరగదు.

పథకాల పరిణామం

1970-71లో ప్రారంభమైన ప్రత్యేక పోషకాహార కార్యక్రమం గిరిజన ప్రాంతాలలో, పట్టణ మురికివాడలలో ఆహారం పంచడానికి ఉద్దేశించినది. అయితే అతిసారంతో బాధపడే బిడ్డకు పెట్టిన తిండి వంటబట్టదనీ, టీకాలు, పరిశుభ్రమైన నీరు, తల్లికి విద్య లేకుండా తిండి ఒక్కటే ఫలించదనీ అనుభవం మీద తెలిసింది. ఈ అవగాహనతో 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులలో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ఆరంభమయింది. అనుబంధ పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్ష, ఆసుపత్రికి పంపడం, పూర్వ ప్రాథమిక విద్య, పోషణ-ఆరోగ్య విద్య అనే ఆరు సేవలు ఒకే అంగన్‌వాడీ ద్వారా అందాలని దాని ఆశయం. 33 ప్రాజెక్టులతో మొదలైన ఈ పథకం సుమారు 14 లక్షల అంగన్‌వాడీలకు విస్తరించింది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ఈ ఆహారాన్ని బిడ్డకు, గర్భిణికి, పాలిచ్చే తల్లికి హక్కుగా గుర్తించింది. 2018 మార్చి 8న పోషణ్ అభియాన్ ప్రారంభమయింది.

ఇంత జరిగినా సమస్య తీరలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 5 సంవత్సరాల లోపు పిల్లలలో 35.5 శాతం మంది వయసుకు తగిన ఎత్తు లేనివారు, 19.3 శాతం మంది ఎత్తుకు తగిన బరువు లేనివారు. పశ్చిమ బెంగాల్‌లో ఈ సంఖ్యలు 33.8, 20.3 శాతం. వయసుకు తగిన ఎత్తు లేని పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం ఉన్నారు. అనగా నిమ్‌పురా తెలుగు తల్లి తన పూర్వికుల ఊరిలోనే ఉండి ఉన్నా ఆమె బిడ్డ ఎదుర్కొనే అపాయంలో పెద్ద తేడా లేదు. ఇది దేశమంతటికీ చెందిన సమస్య.

నలభై మంది బిడ్డలు

అంగన్‌వాడీ ఎక్కడ ఏర్పడాలి? దీనికి సర్వోన్నత న్యాయస్థానం 2006 డిసెంబరు 13న ఇచ్చిన ఉత్తర్వు ముఖ్యమైనది. 6 సంవత్సరాల లోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి అంగన్‌వాడీ లేని గ్రామీణ వాసులుగాని, మురికివాడ వాసులుగాని కోరినచో 3 నెలలలోగా కేంద్రాన్ని నెలకొల్పాలని ఆ ఉత్తర్వు చెప్పింది. నలభై అనే ఈ సంఖ్య చాలా చిన్నదిగా కనిపిస్తుంది. అయితే ఇంటింటికీ తిరిగే కార్యకర్తకు తెలుగు రాకపోయినా, తల్లికి బెంగాలీ రాకపోయినా, పగలు పనికి వెళ్లిన తల్లి ఇంట లేకపోయినా, పురిటికి పుట్టింటికి శ్రీకాకుళం వెళ్లిన తల్లి పేరు విడిచిపెట్టినా ఆ నలభై ముప్ఫైగా మారవచ్చు. అప్పుడు కాగితం మీద ఆ వాడకు కేంద్రమే అవసరం లేదు. లెక్కకు రాని బిడ్డ వలన ప్రభుత్వానికి ఖర్చు లేనట్లే కనిపిస్తుంది. ఆ ఖర్చు తరువాత ఆసుపత్రిలో, బడిలో, చివరకు ఆ బిడ్డ సంపాదనా శక్తిలో తేలుతుంది.

కనుక ఏ వ్యయ అంచనాలోనైనా మొదటి పద్దు లెక్కింపు. ఇంటింటి సర్వే, దానిని ఏటా సరిచూడడం, పుట్టినవారిని, వచ్చినవారిని, పోయినవారిని నమోదు చేయడం - వీటికి పట్టే సమయానికి ధర ఉన్నది. ఆ ధరను మొదటే చూపని అంచనా అసంపూర్ణం.

పళ్లెం ఖరీదు, కేంద్రం ఖరీదు

నిమ్‌పురా వంటి వాడలో నలభై మంది బిడ్డలకు ఒక కేంద్రం ఉన్నదని ఉదాహరణగా తీసికొంటే లెక్క ఈ విధంగా ఉంటుంది. నలభై మందిలో నలుగురు 6 నెలల లోపు వారు. వారికి తల్లిపాలే ఆహారం. మిగిలిన 36 మందిలో ఇద్దరు తీవ్ర లోపం గలవారు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఏడుగురు. 2017లో నిర్ణయించిన ప్రమాణాల ప్రకారం రోజుకు బిడ్డకు 8 రూపాయలు, తీవ్ర లోపం గల బిడ్డకు 12 రూపాయలు, తల్లికి 9 రూపాయల 50 పైసలు. వీటికి ప్రతిగా అందవలసిన శక్తి వరుసగా 500, 800, 600 కేలరీలు.

34 మంది బిడ్డలకు 272 రూపాయలు, ఇద్దరికి 24 రూపాయలు, ఏడుగురు తల్లులకు 66 రూపాయల 50 పైసలు - వెరసి రోజుకు 362 రూపాయల 50 పైసలు. సంవత్సరానికి 300 రోజులు పెట్టినచో ఆహార వ్యయం 1,08,750 రూపాయలు.

ఆహారం తనంతట తాను పళ్లెంలోకి రాదు. 2018 అక్టోబరు నుంచి కేంద్ర ప్రమాణం ప్రకారం అంగన్‌వాడీ కార్యకర్తకు నెలకు 4,500 రూపాయలు, సహాయకురాలికి 2,250 రూపాయలు గౌరవ వేతనం. రాష్ట్రాలు తమ వంతు అదనంగా ఇస్తాయి. కేంద్ర ప్రమాణం మాత్రమే తీసికొన్నా సంవత్సరానికి 81,000 రూపాయలు అవుతుంది. రెండూ కలిపితే 1,89,750 రూపాయలు. 43 మంది లబ్ధిదారులకు పంచి చూస్తే తలకు రోజుకు పళ్లెం ఖరీదు సుమారు 8 రూపాయల 43 పైసలు. మనుషుల ఖర్చు కలిపితే 14 రూపాయల 71 పైసలు. ఇంటి అద్దె, తూనిక యంత్రం, మందుల పెట్టె, శిక్షణ, పర్యవేక్షకురాలి జీతం ఇంకా చేరలేదు. పథకాల గూర్చిన చర్చలలో పళ్లెం ఖరీదు ఒక్కటే వినిపించడం పరిపాటి. నిజమైన ఖరీదు అంతకు చాలా ఎక్కువ.

ఇప్పుడు ఆ 43 మందిలో 25 మందే కేంద్రానికి వస్తున్నారనుకొంటే ఆహారం ఖర్చు తగ్గుతుంది. గౌరవ వేతనం మాత్రం తగ్గదు. మనుషుల ఖర్చు తలకు రోజుకు 6 రూపాయల 28 పైసల నుంచి 10 రూపాయల 80 పైసలకు పెరుగుతుంది. కాబట్టి తల్లులు రాకపోవడం పొదుపు కాదు. ఉన్న ఖర్చు వృథా కావడమే. తెలుగు తెలిసిన సహాయకురాలిని నియమించడం, తెలుగులో సూచనలు అచ్చువేయడం, పనికి పోయే తల్లుల వేళకు అనుగుణంగా కేంద్రం తెరవడం అదనపు ఖర్చుగా తోచవచ్చు. ఆ ఖర్చుతో పదిమంది అదనంగా వచ్చినట్లయితే తలసరి వ్యయం తగ్గుతుంది.

ఇంటికి ఇచ్చే సరుకు విషయంలోనూ ఇదే విధంగా ఆలోచించాలి. 8 రూపాయల సరుకు ఇంటికి వెళ్లి అందరూ పంచుకొన్నప్పుడు బిడ్డ నోటికి సగమే చేరితే, బిడ్డ తిన్న ఆహారం విలువ 4 రూపాయలే. అందుకే ఆంధ్రప్రదేశ్‌లో 2013 ప్రాంతంలో అమృతహస్తం పేరిట, తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి పేరిట గర్భిణులకు, బాలింతలకు కేంద్రంలోనే గ్రుడ్డు, పాలతో పూర్తి భోజనం పెట్టే పద్ధతి అమలయింది. దానికి వంట ఖర్చు ఎక్కువ. తల్లి కళ్లెదుట తింటుందన్న హామీ కూడా ఎక్కువే.

ఎవరికి, ఎంతకాలం?

అందరికీ పెట్టాలా, అవసరమైనవారికే పెట్టాలా అన్నది ప్రణాళికలో పెద్ద ప్రశ్న. 1980లో ప్రపంచ బ్యాంకు సహాయంతో మొదలైన తమిళనాడు సమగ్ర పోషకాహార ప్రాజెక్టు 6 నుంచి 36 నెలల పిల్లలను ప్రతి నెలా తూచి, బరువు పెరగని వారికి 90 రోజులు ఆహారం ఇచ్చి, కోలుకొన్న తరువాత ఆపివేసే పద్ధతిని అనుసరించింది. తీవ్ర లోపం తగ్గింది. ఆహార వ్యయం అదుపులో ఉన్నది. అయితే ఈ పద్ధతికి ప్రతి నెలా తప్పని తూకం, నమ్మకమైన కార్యకర్త, గట్టి పర్యవేక్షణ అవసరం. ఆహారం మీద మిగిలిన సొమ్ములో కొంత తూకం మీద పెట్టనిదే ఇది సాగదు.

పోషకాహార కార్యక్రమాలలో కొన్నింటికి ఖర్చు చాలా తక్కువ. అయోడిన్ ఉప్పు, 6 నెలలకు ఒకసారి విటమిన్ ‘ఎ’ మోతాదు, గర్భిణులకు ఇనుము-ఫోలిక్ ఆమ్లం మాత్రలు అటువంటివి. దేశంలో గాయిటర్ నివారణ కార్యక్రమం 1962లోనూ, విటమిన్ ‘ఎ’, రక్తహీనత నివారణ కార్యక్రమాలు 1970లోనూ మొదలైనాయి. మాత్ర చవుక గాని దానిని మింగించడం చవుక కాదు. పశ్చిమ బెంగాల్‌లో 2019-21 నాటికి 15-49 సంవత్సరాల స్త్రీలలో 71.4 శాతం మంది రక్తహీనులని సర్వే చూపింది. మాత్రలు కొనడంతో పని ముగియదనడానికి ఇదే నిదర్శనం.

ప్రపంచ స్థాయిలో కూడా ఇటువంటి అంచనాలు వేశారు. పది రకాల నిరూపిత పోషణ చర్యలను 90 శాతం మందికి అందించగలిగితే 5 సంవత్సరాల లోపు శిశు మరణాలు సుమారు 15 శాతం తగ్గుతాయనీ, అందుకు ఏటా అదనంగా 960 కోట్ల డాలర్లు కావాలనీ 2013లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రకటించిన వ్యాసాలు తెలిపాయి. ఆ అంచనాలో 90 శాతం అన్న మాటే కీలకం. చివరి బస్తీకి చేరని పథకం ఆ ఫలితం ఇవ్వజాలదు.

నాలుగు పుస్తకాలలో ఒక బిడ్డ

బిడ్డ భోజనం ఖర్చు శిశు సంక్షేమ శాఖ పుస్తకంలో, టీకా ఖర్చు ఆరోగ్య శాఖ పుస్తకంలో, మురుగు కాలువ ఖర్చు పురపాలక సంఘం లేక రైల్వే వారి పుస్తకంలో, ఉద్యోగి బిడ్డ అయితే వైద్యం ఖర్చు రైల్వే ఆసుపత్రి పుస్తకంలో ఉంటాయి. బిడ్డ మాత్రం ఒక్కటే. మండచుట్టు కొలత 11.5 సెంటీమీటర్ల కన్న తక్కువ ఉన్నచో అది తీవ్ర లోపానికి గుర్తు. ఆ కొలతకు కావలసినది ఒక రంగుల టేపు మాత్రమే. టేపు చూపిన బిడ్డకు జబ్బు లక్షణాలు కూడా ఉంటే పోషకాహార పునరావాస కేంద్రానికి పంపాలి. అక్కడికి పోవడానికి బండి ఖర్చు, తల్లి పోగొట్టుకొనే కూలి, ఇంట ఉన్న మరొక బిడ్డ సంరక్షణ ఏ పుస్తకంలోనూ కనబడవు. ఆ ఖర్చులు తల్లి భరించలేకపోతే బిడ్డ అక్కడికి చేరదు. అందుచేత మంచి అంచనా నాలుగు పుస్తకాలనూ ప్రక్కప్రక్కన పెట్టి చూస్తుంది. ఏ పుస్తకంలోనూ లేని ఖర్చును కూడా గుర్తిస్తుంది.

ధరల పెరుగుదల మరొక అంశం. ఆహార వ్యయ ప్రమాణాన్ని 2012 తరువాత 2017లో సవరించారు. రెండు సవరణల నడుమ పప్పు, నూనె, గ్రుడ్డు ధరలు ఆగి ఉండవు. రూపాయలు మారకుండా ధరలు పెరిగితే తగ్గేది పళ్లెంలోని పప్పే. అందువలన అంచనాను రూపాయలలోనే కాక కేలరీలలో, గ్రాములలో కూడా వ్రాసి, ఏటా బజారు ధరతో సరిచూడడం అవసరం.

అన్నప్రాశన, ముఖే భాత్

ఆరవ నెలలో బిడ్డకు తొలి ముద్ద పెట్టే వేడుకను తెలుగువారు అన్నప్రాశన అంటారు. బెంగాలీలు ముఖే భాత్ అనీ, అన్నప్రాశన్ అనీ పిలుస్తారు. ఆరు నెలలు నిండిన బిడ్డకు తల్లిపాలతో పాటు మెత్తని ఇంటి ఆహారం మొదలుపెట్టాలని నేటి వైద్యశాస్త్రం చెప్పే మాట కూడా ఇదే. గర్భం దాల్చిన నాటి నుంచి రెండవ పుట్టినరోజు వరకు గల సుమారు వేయి రోజులలో జరిగిన లోపాన్ని తరువాత పూడ్చడం కష్టం. ఆ వేయి రోజుల నడిమధ్యన ఈ తొలి ముద్ద వస్తుంది. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన కుటుంబం చోడిపిండి జావ కాచవచ్చు; ప్రక్కింటి బెంగాలీ కుటుంబం పప్పు బియ్యపు కిచిడీ వండవచ్చు. రెండింటికీ కాస్త నూనె, కాస్త ఆకుకూర, వీలైతే ఒక గ్రుడ్డు చేర్చితే చాలు. ఈ వేడుకనాడే రెండిళ్ల బిడ్డలనూ తూచి, పేరు నమోదు చేసి, తల్లికి ఆమె భాషలో నాలుగు మాటలు చెప్పగలిగితే అంత తక్కువ ఖర్చుతో ఆరోగ్య విద్య మరొక విధంగా లభించదు.

నిమ్‌పురా యార్డు దేశం నలుమూలల సరుకును వేరుచేసి గమ్యం వైపు నడిపిస్తుంది. ఆ యార్డును నిర్మించి నడిపిన శ్రామికుల మనుమలు, మునిమనుమలు ఆ ప్రక్క వీధులలోనే పెరుగుతున్నారు. వారి భాష ఏదైనా, వారి ఇల్లు ఏ శాఖ భూమి మీద ఉన్నా, వారి ఆకలికి సరిహద్దులు లేవు. వారిని పేరుపేరునా లెక్కించడం ఏ పథకానికైనా మొదటి ఖర్చు. అన్నింటిలోకీ చవుకైనది కూడా అదే. ఆ లెక్క సరిగా ఉన్న తరువాతనే రూపాయల లెక్కకు అర్థం ఏర్పడుతుంది.